బరువులు మోసిన భుజాలే శిఖరమెక్కాయి
(టెన్సింగ్ నార్గే జీవితం)

పోటీ పరీక్షలకు చదివే మన హాస్టల్ మిత్రులందరికీ ఒక బిట్ కంఠతా వచ్చు. ఎవరెస్టు శిఖరాన్ని మొట్టమొదట అధిరోహించినవారు ఎవరు? ఎడ్మండ్ హిల్లరీ, టెన్సింగ్ నార్గే. ఎప్పుడు? 1953 మే 29. దోమలగూడ నుంచి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకీ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకూ రోజూ నడిచివెళ్లే మన అన్నలను నిద్రలో లేపి అడిగినా ఈ జవాబు తడుముకోకుండా చెబుతారు. కానీ ఆ రెండో పేరు వెనుక ఎంత జీవితం ఉందో బిట్ బ్యాంకుల్లో ఉండదు.

ఆ మనిషి బడి ముఖం చూడలేదు. పేరు సంతకం చేయడం మాత్రం నేర్చుకున్నారు. ఎన్నో భాషలు మాట్లాడగలిగినా ఒక్క భాష కూడా చదవలేరు, రాయలేరు. ఇతరుల గుడారాలు, ఇతరుల తిండి, ఇతరుల ఆక్సిజన్ సిలిండర్లు వీపున మోస్తూ పద్దెనిమిదేళ్లు హిమాలయాల్లో తిరిగారు. ఆ తర్వాతే తన పేరు ప్రపంచానికి తెలిసింది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకునే మనం, కూలిపనికి వెళ్లే తల్లిదండ్రులకు పుట్టిన మనం, ఆ జీవితాన్ని ఒక్కసారైనా పూర్తిగా తెలుసుకోవాలి.

పేరు మారిన పిల్లవాడు

టెన్సింగ్ 1914లో జన్మించారు. ఆయన పుట్టిన ఊరు నేపాల్‌లోని ఖుంబూ ప్రాంతంలో ఉందని కొందరు, టిబెట్‌లోని ఖర్తా లోయ వైపు అని మరికొందరు అంటారు. పుట్టిన తేదీ రాసిపెట్టుకునే అలవాటు ఆ కుటుంబంలో లేదు. తర్వాతి కాలంలో, శిఖరం ఎక్కిన మే 29నే ఆయన తన పుట్టినరోజుగా జరుపుకున్నారు. మనలో చాలామంది అమ్మమ్మలకూ తాతయ్యలకూ పుట్టిన తేదీ తెలియదు కదా, అలాంటి ఇల్లే అది.

తండ్రి జడల బర్రెలు మేపుకునే కాపరి. పదమూడు మంది సంతానంలో టెన్సింగ్ పదకొండోవారు. వారిలో ఎక్కువమంది చిన్నతనంలోనే చనిపోయారు. మొదట పెట్టిన పేరు నాంగ్యాల్ వాంగ్డి. తర్వాత రోంగ్‌బుక్ బౌద్ధ మఠం పెద్ద లామా సలహా మీద టెన్సింగ్ నార్గే అని మార్చారు. ధర్మాన్ని అనుసరించే భాగ్యవంతుడు అని ఆ పేరుకు అర్థం చెబుతారు. భాగ్యం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

నేపాల్ తూర్పు కొండల్లో ఉండే షెర్పాలు పుట్టుకతోనే కొండ మనుషులు. అయినా వారికి శిఖరాలెక్కే అలవాటు లేదు. శిఖరం దేవతల నివాసమని వారి నమ్మకం. పశువులు మేపుకోవడం, బంగాళాదుంపలు పండించుకోవడం, కనుమల మీదుగా టిబెట్‌తో సరుకు మార్పిడి చేసుకోవడం, ఇదే వారి బతుకు. ఇంగ్లీషు వాళ్లు ఎవరెస్టు మీద కన్నేసిన తర్వాతే షెర్పాలకు శిఖరం జీవనాధారమయ్యింది. అది ప్రాణాలు తీసే జీవనాధారం కూడా. 1922లో జరిగిన ఎవరెస్టు యాత్రలో మంచు చరియ విరిగిపడి ఏడుగురు కూలీలు చనిపోయారు. ఆ యాత్రా నాయకుల పేర్లు చాలా పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆ ఏడుగురి పేర్లు అడిగితే చెప్పేవారు అరుదు.

డార్జిలింగ్‌కు పరుగు

పదమూడేళ్ల వయసులో టెన్సింగ్ ఇంట్లో చెప్పకుండా కఠ్మాండు పారిపోయారు. కొన్నాళ్లకు ఇంటి మీద బెంగతో తిరిగివచ్చారు. 1932 చివరలో పద్దెనిమిదేళ్ల ప్రాయంలో మళ్లీ బయలుదేరి డార్జిలింగ్ చేరారు. కొండ యాత్రలకు కూలీలను అక్కడే ఎంచుకునేవారు. మొదట అక్కడ ఆవులు మేపారు. 1933లో ఎవరెస్టు యాత్ర వస్తోందని తెలిసి వెళ్లి వరుసలో నిలబడ్డారు. తీసుకోలేదు.

1935లో ఎరిక్ షిప్టన్ నాయకత్వంలో మరో యాత్ర వచ్చింది. పాత యాత్రల్లో పనిచేసినట్టు సర్టిఫికెట్ ఉన్నవారికే పని. టెన్సింగ్ దగ్గర ఏ కాగితమూ లేదు. చివరి నిమిషంలో రెండు ఖాళీలు మిగిలాయి. ఆ యువకుడి ముఖంలోని నవ్వు చూసి తీసుకున్నానని షిప్టన్ తర్వాత రాసుకున్నారు. కూలి రోజుకు 12 అణాలు, మంచు మొదలయ్యే ఎత్తు దాటితే ఒక రూపాయి.

అలా 1935, 1936, 1938 సంవత్సరాల్లో మూడుసార్లు టిబెట్ వైపు నుంచి, అంటే ఉత్తరం వైపు నుంచి, ఎవరెస్టుకు బరువులు మోశారు. 1938లో 27,000 అడుగులకు పైగా ఉన్న ఆరో శిబిరం దాకా సామాను చేర్చారు. అంత ఎత్తుకు బరువు మోసినవారికి ఇచ్చే టైగర్ పతకం ఆయనకు వచ్చింది. తోటి కూలీలకు అది జీతం. టెన్సింగ్‌కు జీతంతోపాటు మరొకటి కూడా. పైకి వెళ్లాలన్న కోరిక. బరువు దించి కిందికి రమ్మన్న ప్రతిసారీ ఆయన కళ్లు పైకే చూసేవి.

కష్టాల కాలం

రెండో ప్రపంచ యుద్ధంతో యాత్రలు ఆగిపోయాయి. పని లేదు. ఇప్పటి పాకిస్తాన్‌లోని చిత్రాల్‌లో ఒక సైనికాధికారి దగ్గర పనికి కుదిరారు. 1939లో నాలుగేళ్ల కొడుకు నీమా దోర్జే చనిపోయాడు. 1944లో భార్య దావా ఫుటీ కన్నుమూశారు. ఇద్దరు ఆడపిల్లలు పెమ్ పెమ్, నీమాలతో ఆయన డార్జిలింగ్ తిరిగివచ్చారు. అంగ్ ల్హాము అనే షెర్పా మహిళను పెళ్లి చేసుకున్నారు. చేతిలో డబ్బు లేని ఆ రోజుల్లో ఆమె ఇళ్లల్లో పనిచేసి కుటుంబాన్ని నడిపారు. శిఖరం ఎక్కిన మనిషి గురించి చెప్పేటప్పుడు ఆ ఇల్లాలి కష్టాన్ని విడిచిపెట్టకూడదు.

1947లో స్విట్జర్లాండ్ బృందంతో గఢ్వాల్ వెళ్లారు. కేదార్‌నాథ్ శిఖరం మీద వాంగ్డి నోర్బు అనే సీనియర్ షెర్పా సర్దార్ జారిపడి తీవ్రంగా గాయపడ్డారు. ఆయనను కిందికి తేవడంలో టెన్సింగ్ ముందున్నారు. సర్దార్ బాధ్యత ఆయనకే వచ్చింది. సర్దార్ అంటే కూలీలను కుదిర్చి, పని పంచి, జీతాలు చూసి, అందరి క్షేమం పట్టించుకునే పెద్ద. అదే యాత్రలో స్విస్ వాళ్లతోపాటు ఆయన కేదార్‌నాథ్ శిఖరం మీద నిలబడ్డారు. బరువు దించి వెనక్కి రాకుండా కొన దాకా వెళ్లిన పెద్ద శిఖరం అది.

నందాదేవి

టెన్సింగ్ అనగానే అందరికీ ఎవరెస్టే గుర్తుకొస్తుంది. ఆయనకు మాత్రం అన్నిటికంటే కష్టమైన కొండ వేరే ఉంది. ఉత్తరాఖండ్‌లోని నందాదేవి. ప్రధాన శిఖరం ఎత్తు 7,816 మీటర్లు, తూర్పు శిఖరం ఎత్తు 7,434 మీటర్లు. మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్ల లోపే. అలాంటివి నాలుగు ఒకదానిమీద ఒకటి పెట్టినా నందాదేవి అందదు. పూర్తిగా మన దేశ భూభాగంలోనే ఉన్న శిఖరాల్లో ఇదే ఎత్తైనది. కాంచన్‌జంగా దీనికంటే ఎత్తైనదే, కానీ అది నేపాల్ సరిహద్దు మీద ఉంది.

నందాదేవి చుట్టూ కోటగోడలా మంచుకొండల వలయం ఉంటుంది. లోపలికి వెళ్లడానికి రిషిగంగ నది కోసుకున్న ఇరుకు లోయ తప్ప వేరే సహజమైన దారి లేదు. ఎక్కడం సంగతి అటుంచి, కొండ పాదాల దాకా చేరడానికే ఏళ్లు పట్టింది. 1934లో షిప్టన్, టిల్‌మన్ అనే ఇద్దరు ఇంగ్లీషు వాళ్లు, అంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలు కలిసి ఆ లోయగుండా మొదటిసారి లోపలికి ప్రవేశించారు. 1936 ఆగస్టు 29న టిల్‌మన్, ఓడెల్ ప్రధాన శిఖరం చేరారు. అప్పటిదాకా మనిషి ఎక్కిన శిఖరాల్లో అదే ఎత్తైనది. 1950లో ఫ్రెంచి వాళ్లు అన్నపూర్ణ ఎక్కేవరకు ఆ రికార్డు అలాగే ఉంది. తూర్పు శిఖరాన్ని 1939లో పోలండ్ బృందం ఎక్కింది.

1951లో ఫ్రెంచి బృందం మరింత పెద్ద సాహసం తలపెట్టింది. ప్రధాన శిఖరం ఎక్కి, దాన్ని తూర్పు శిఖరంతో కలిపే సుమారు రెండు కిలోమీటర్ల సన్నని మంచు గట్టు మీదుగా నడిచి, అటువైపు దిగాలని వారి ఆలోచన. 7,000 మీటర్లకు పైన అంత పొడవు గట్టు మీద అంతకుముందు ఎవరూ నడవలేదు. ఆ బృందానికి టెన్సింగ్ సర్దార్. జూన్ 29న నాయకుడు రోజర్ డుప్లా, యువకుడు గిల్బర్ట్ వీన్ ఇద్దరూ తేలిక సామానుతో ప్రధాన శిఖరం వైపు బయలుదేరారు. తూర్పు శిఖరం వైపు లూయీ డుబోస్ట్, టెన్సింగ్ వారికోసం ఎదురుచూడాలి. వారు రాలేదు.

అప్పుడు వెతకడానికి తూర్పు శిఖరం ఎక్కక తప్పలేదు. కత్తి అంచులా ఉన్న గట్టు, రెండు వైపులా పాతాళం. జూలై 6న డుబోస్ట్, టెన్సింగ్ తూర్పు శిఖరం చేరారు. పోలండ్ వాళ్ల తర్వాత దాని మీద కాలు పెట్టింది వీరే. అక్కడి నుంచి గట్టంతా కళ్లు పెట్టి చూశారు. మంచు, గాలి తప్ప మరేమీ కనిపించలేదు. ఆ ఇద్దరు యువకుల జాడ ఎన్నటికీ దొరకలేదు.

తన జీవితంలో ఎక్కినవాటన్నిటిలో అదే కష్టమైనదని టెన్సింగ్ తర్వాత చెప్పేవారు. ఎవరెస్టు కంటే కూడా అదే కష్టమన్నారు. మిత్రులారా, ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ రోజు ఆయన ఎక్కింది పేరు కోసం కాదు, జెండా కోసం కాదు. తప్పిపోయిన ఇద్దరు మనుషుల కోసం.

నందాదేవి కథ అక్కడితో ఆగలేదు. 1964లో ఎన్.కుమార్ నాయకత్వంలోని భారత బృందంలో నవాంగ్ గొంబు, దావా నోర్బు ప్రధాన శిఖరాన్ని రెండోసారి ఎక్కారు. గొంబు స్వయానా టెన్సింగ్ మేనల్లుడు. 1965లో చైనా అణుపరీక్షల మీద నిఘా వేసేందుకు అమెరికా, భారత గూఢచారి సంస్థలు అణుశక్తితో నడిచే పరికరాన్ని కొండ మీద పెట్టబోయాయి. వాతావరణం చెడడంతో దారిలో వదిలి దిగివచ్చారు. మరుసటి ఏడాది వెళ్లి చూస్తే అది లేదు. ఇప్పటికీ దొరకలేదు. 1976లో జపాన్, భారత పర్వతారోహకుల బృందం ఆ రెండు శిఖరాల మధ్య గట్టును దాటగలిగింది. ఫ్రెంచి వాళ్లు ప్రాణాలు పెట్టిన పావు శతాబ్దానికి ఆ పని జరిగింది. యాత్రికుల తాకిడికి లోపలి అడవి, మృగాలు దెబ్బతింటున్నాయని 1980ల ప్రారంభంలో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని మూసివేసి జాతీయ పార్కుగా చేసింది. 1988లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. తూర్పు శిఖరం వైపు బయటి నుంచి అరుదుగా యాత్రలు వెళ్తాయి. 2019 మేలో ఆ సమీపంలోనే మంచు చరియ కింద ఎనిమిది మంది చనిపోయారు. ఆ కొండ ఎవరికీ తేలికగా లొంగదు.

ఏడోసారి

1952లో స్విస్ బృందం నేపాల్ వైపు నుంచి ఎవరెస్టుకు వచ్చింది. వాళ్లు టెన్సింగ్‌ను కూలీగా చూడలేదు, బృంద సభ్యుడిగా తీసుకున్నారు. రేమండ్ లాంబర్ట్, టెన్సింగ్ ఒక తాడుకు కట్టుకుని ఎక్కారు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. సైగలే మాటలు. నిద్ర సంచులు లేకుండా, పొయ్యి లేకుండా, ఒకరినొకరు రుద్దుకుంటూ ఒక రాత్రి గడిపారు. మర్నాడు మే 28న సుమారు 28,200 అడుగులు చేరి వెనుదిరిగారు. అంత ఎత్తు నుంచి ప్రాణాలతో తిరిగివచ్చినవారు అప్పటికి మరెవరూ లేరు. ఆ ఏడాది శీతాకాలానికి ముందు మళ్లీ ప్రయత్నించారు, గాలి గెలిచింది. ఆరోగ్యం దెబ్బతిని టెన్సింగ్ ఆస్పత్రి పాలయ్యారు.

1953లో బ్రిటిష్ బృందం జాన్ హంట్ నాయకత్వంలో వచ్చింది. టెన్సింగ్‌కు సర్దార్‌గా, బృంద సభ్యుడిగా రెండు బాధ్యతలు. కఠ్మాండులో దిగిన రోజే చేదు అనుభవం. దొరలకు బ్రిటిష్ రాయబార కార్యాలయంలో గదులు ఇచ్చారు, షెర్పాలకు ఒకప్పటి గుర్రపుశాలను, గ్యారేజీని చూపించారు. మరుగుదొడ్డి కూడా లేదు. షెర్పాలు ఊరుకోలేదు, మర్నాడు తమ పద్ధతిలో నిరసన తెలిపారు. తనవాళ్ల గౌరవం ఒకవైపు, యాత్ర సాగాలన్న పట్టుదల ఒకవైపు. టెన్సింగ్ రెంటి మధ్యా నిలబడి నడిపించారు.

మూడువందల యాభైకి పైగా కూలీలు సామాను మోసిన పెద్ద యాత్ర అది. మంచు పగుళ్ల మధ్య హిల్లరీ ఒకసారి గోతిలో పడిపోతే, టెన్సింగ్ క్షణం ఆలస్యం చేయకుండా గొడ్డలి దిగవేసి తాడు బిగించి ఆపారు. ఆ రోజు నుంచే ఆ ఇద్దరూ ఒక జట్టయ్యారు. మే 26న మొదటి జట్టు దక్షిణ శిఖరం దాకా వెళ్లి తిరిగివచ్చింది. మే 28 రాత్రి హిల్లరీ, టెన్సింగ్ సుమారు 27,900 అడుగుల దగ్గర గుడారం వేశారు. తెల్లవారేసరికి హిల్లరీ బూట్లు గడ్డకట్టి రాయిలా ఉన్నాయి. పొయ్యి మీద వేడిచేసి మెత్తబరిచాకే కదలగలిగారు. ఉదయం 11 గంటల 30 నిమిషాలకు ఇద్దరూ శిఖరం మీద ఉన్నారు.

పై నుంచి ఇక ఎక్కడానికి ఏమీ లేదు. టెన్సింగ్ మెడలో లాంబర్ట్ ఇచ్చిన ఎర్ర మఫ్లర్ ఉంది. గొడ్డలికి ఐక్యరాజ్యసమితి, బ్రిటన్, నేపాల్, భారత్ జెండాలు. కొండ దేవతకు నైవేద్యంగా మిఠాయిలు మంచులో పాతారు. చిన్న కూతురు నీమా ఇచ్చిన పెన్సిల్ కూడా అక్కడే పెట్టారు. చదువు రాని తండ్రి బడికెళ్లే కూతురి పెన్సిల్‌ను ప్రపంచపు నెత్తిమీద పెట్టి వచ్చారు.

ఎవరు ముందు?

కిందికి దిగాక మొదలైంది అసలు తుఫాను. ముందు ఎవరు కాలుపెట్టారు? నేపాల్, భారత్, బ్రిటన్ మూడు దేశాల పత్రికలదీ అదే ప్రశ్న. నేపాల్‌లో ఊరేగింపులు, డార్జిలింగ్‌లో ఊరేగింపులు. ఆయన మావాడంటే మావాడని రెండు దేశాలు పోటీపడ్డాయి. అవసరమైనన్నాళ్లు ఒక్క కాగితం కూడా లేని మనిషి కోసం ఇప్పుడు ప్రభుత్వాలే పోటీ. ఇద్దరం దాదాపు కలిసే చేరామని ఇద్దరూ సంతకాలు చేశారు. రెండేళ్ల తర్వాత తన ఆత్మకథలో టెన్సింగ్ నిజాన్ని నిజంగా చెప్పారు. ముందు హిల్లరీ, వెనుక తాను. అబద్ధం చెబితే తన వాళ్లంతా సంతోషించేవారు. అయినా ఆయన చెప్పలేదు. ఒకే తాడుకు కట్టుకున్నవారిలో ముందెవరు వెనకెవరు అనే లెక్కకు అర్థం లేదని ఆయన నమ్మకం.

హిల్లరీకి, హంట్‌కు బ్రిటన్ సర్ బిరుదు ఇచ్చింది. టెన్సింగ్‌కు జార్జ్ పతకం ఇచ్చింది. ఒకే శిఖరం, ఒకే సమయం, ఒకే తాడు, కానీ గౌరవాలు రెండు రకాలు. దీని మీద ఇప్పటికీ చర్చ ఉంది. టెన్సింగ్ దాన్ని పెద్దది చేసుకోలేదు. కానీ మనం గమనించకుండా ఉండలేం. 1959లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్‌తో సత్కరించింది.

బడి లేని గురువు

ప్రధాని నెహ్రూకు టెన్సింగ్ అంటే ఎంతో అభిమానం. టెన్సింగ్ లాంటి వారిని వేలమందిని తయారుచేయాలన్న ఆలోచనతో 1954 నవంబరు 4న డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. టెన్సింగ్ అక్కడ క్షేత్ర శిక్షణ డైరెక్టర్. అందుకోసం ముందుగా స్విట్జర్లాండ్ వెళ్లి బోధనా పద్ధతులు నేర్చుకుని వచ్చారు. అప్పటికే ఎవరెస్టు ఎక్కి ఏడాది. అయినా నలభై ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థిగా కూర్చోవడానికి ఆయన సిగ్గుపడలేదు. 1976లో రిటైరయ్యేదాకా రెండు దశాబ్దాలకు పైగా వందలాది యువకులకు తాడు కట్టడం, మంచులో మెట్లు తొలచడం, ప్రాణం కాపాడుకోవడం నేర్పారు.

పిల్లల విషయంలో ఆయన ఆలోచన వేరు. కొడుకు జామ్లింగ్ ఎవరెస్టు ఎక్కుతానంటే ప్రోత్సహించలేదు. పిల్లలు ఎక్కే అవసరం రాకూడదనే తాను ఎక్కానని, చదువుకోమని చెప్పేవారు. పై చదువులకు పంపారు. జామ్లింగ్ చివరకు 1996లో ఎవరెస్టు ఎక్కారు, కానీ తండ్రి అప్పటికి లేరు. 1986 మే 9న టెన్సింగ్ డార్జిలింగ్‌లో కన్నుమూశారు. తాను పాఠాలు చెప్పిన ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోనే అంత్యక్రియలు జరిగాయి.

మనకు ఏమవుతారు?

టెన్సింగ్‌కూ మనకూ సంబంధం ఏమిటని అడగవచ్చు. ఉంది. 2014 మే 25న ఇద్దరు పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్లకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వారు మొదట తాడు పట్టుకున్నది మన భువనగిరి కొండ మీద. తర్వాత మంచులో నడక నేర్చుకున్నది డార్జిలింగ్‌లో టెన్సింగ్ పాఠాలు చెప్పిన ఆ ఇన్‌స్టిట్యూట్‌లో. ఎవరెస్టు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఇరవయ్యేళ్ల కుర్రవాడిగా టెన్సింగ్ రోజుకు 12 అణాల కూలికి మూటలు మోసిన వైపు అదే.

ఆయన మూటతో ఆగిపోయిన దారిలో డెబ్భై ఆరేళ్ల తర్వాత వ్యవసాయ కూలీల బిడ్డ తన పేరుతో నడిచి వెళ్లింది. ఈసారి కూడా షెర్పాలే ముందు నడిచి తాళ్లు కట్టారు, బరువులు మోశారు. ఆ సంగతి మరిచిపోతే మనం కూడా 1922 నాటి ఏడుగురి పేర్లు మరిచినవాళ్లమే అవుతాం.

మనలో అందరూ కొండలెక్కనక్కరలేదు. ఒకరు డిగ్రీ పాసవుతారు, ఒకరు గ్రూప్స్ రాస్తారు, ఒకరు టీచరవుతారు, ఒకరు ఊళ్లో చిన్న దుకాణం పెట్టుకుంటారు. ఎక్కడికి చేరినా మన వీపు మీద ఇంకెవరో మోసిన బరువు ఉంటుంది. అడ్డా మీద నిలబడిన నాన్నది, ఇటుకలు మోసిన అమ్మది, ఈ హాస్టల్లో మనకంటే ముందు చదివి పాత పుస్తకాలు వదిలి వెళ్లిన అన్నలది. టెన్సింగ్ జీవితం నేర్పేది ఇదే. బరువు మోయడం సిగ్గుపడే పని కాదు. మోసినవారి పేరు చెప్పకపోవడమే సిగ్గుచేటు. పైకి చేరిన రోజు ఆ పేర్లు చెప్పండి. తాడు రెండో కొసను కిందికి వదలండి. మన వెనుక వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు దాన్ని పట్టుకుంటారు.